అందరూ అట్టివారేనా?
లైంగిక హింస, గంపగుత్త నిందలు, సంఘకాపరి బాధ్యత: ఒక లేఖనాధార పరిశీలన

ఉపోద్ఘాతము

"మగవాళ్లందరూ ఒక్కటే." స్త్రీల కూడికలలోనో, కుటుంబ తగవు తీర్చడానికి కూర్చున్నప్పుడో ఈ మాట వినని సంఘకాపరి ఉండడు. ఈ మాట వినబడగానే పురుషులలో ఆగ్రహము కలుగుతుంది. "అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయమా?" అని ప్రశ్నిస్తారు. అందుకు స్త్రీలు, "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్లు, మీకెందుకంత కోపం?" అంటారు. అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. ఇరుపక్షాలవారూ తమకు అన్యాయం జరిగిందనే తలంపుతో ఇంటికి వెళతారు.

2013 జనవరిలో మా సంఘములో ఇదే జరిగింది. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన ఘోరము తరువాత దేశమంతటా ప్రార్థనలు జరుగుతున్న రోజులవి. మేము ఏర్పాటు చేసిన కూడికలో ఒక ఉపాధ్యాయురాలు మాట్లాడుతూ, ఆడపిల్ల ఏ మగవాణ్ణీ నమ్మకూడదనీ, మగవాళ్లందరూ ఒకటేననీ అన్నారు. వెనుక వరుసలలో గొణుగుడు మొదలైంది. ఇద్దరు పెద్దలు లేచి బయటకు వెళ్లిపోయారు. అప్పుడు మేము మైకు తీసుకొని, అట్లా మాట్లాడడం వాక్యానుసారము కాదని పది నిమిషాలు వివరించాము. పురుషులు తృప్తిపడ్డారు. మేము కూడా సంఘ ఐక్యతను కాపాడామనుకున్నాము.

నాలుగేండ్ల తరువాత ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. ఆమె ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు విడిచిపెట్టి ఈ సంగతి చెబుతున్నాము. ఆ సాయంత్రము ఆమె తన కుమార్తెతో కూడికకు వచ్చింది. సంఘములో పేరున్న తమ బంధువు ఒకడు ఆ బిడ్డపట్ల చేసిన దుష్కార్యమును కూడిక ముగిశాక మాతో చెప్పాలని సిద్ధపడి వచ్చింది. మా పది నిమిషాల వివరణ విన్న తరువాత, "అయ్యగారు వాళ్ల పక్షమే" అనుకొని మౌనంగా వెళ్లిపోయింది. మేము ఆ రాత్రి చెప్పినదానిలో సిద్ధాంతపరంగా తప్పేమీ లేదు. అయినను ఆ బిడ్డ మరి నాలుగేండ్లు ఆ భారము ఒంటరిగా మోసింది.

ఈ వ్యాసము ఆ పది నిమిషాల గురించి మేము చేసుకున్న ఆలోచన నుండి పుట్టింది. ఒక జనమంతటినీ గంపగుత్తగా నిందించడం తప్పా? తప్పయితే ఆ తప్పును ఎవరు, ఎప్పుడు, ఎలా సరిదిద్దాలి? లేఖనములు "అందరూ" అనే మాటను ఎలా వాడుతున్నాయి? ఈ మూడు ప్రశ్నలను క్రమముగా పరిశీలిద్దాము.

1. ఒకే వారము, మూడు సంఘటనలు

2015 మార్చి మొదటి దినములలో మన దేశము ఈ ప్రశ్నను మూడు విధాలుగా ఎదుర్కొన్నది.

మొదటిది: ఢిల్లీ ఘటనపై బ్రిటిషు దర్శకురాలు లెస్లీ ఉడ్విన్ తీసిన "ఇండియాస్ డాటర్" అనే చిత్రము. అందులో దోషులలో ఒకడు, నిందితుల తరపు న్యాయవాదులు స్త్రీలను గూర్చి అన్న మాటలు దేశమంతటా ఆగ్రహము రేపాయి. చిత్ర ప్రసారమును మన దేశములో నిషేధించారు. మార్చి 4న బి.బి.సి. దానిని బ్రిటన్‌లో ప్రసారము చేసింది. ఆ మాటలు మన సమాజపు నిజ స్వరూపమని కొందరు, భారతీయులందరినీ దోషులుగా చూపుతున్నారని మరికొందరు వాదించారు.

రెండవది: జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయములో ఒక ఆచార్యురాలు శిక్షణకోసం దరఖాస్తు చేసిన భారతీయ విద్యార్థిని చేర్చుకోలేనని ఉత్తరము వ్రాశారు. భారతదేశములో అత్యాచారాల సమస్య గురించి తాము ఎంతో వింటున్నామని, తన వద్ద అనేకమంది విద్యార్థినులు ఉన్నారని కారణము చూపారు. ఆ ఉత్తరము బయటపడగానే తీవ్రమైన ఆక్షేపణ వచ్చింది. ఢిల్లీలోని జర్మనీ రాయబారి మైఖేల్ స్టైనర్ ఆమెకు బహిరంగ లేఖ వ్రాసి, భారతదేశము అత్యాచారుల దేశము కాదని, అక్కడ ఈ నేరముపై జరుగుతున్నంత చర్చ అనేక దేశాలలో జరగడం లేదని తెలిపారు. ఆచార్యురాలు క్షమాపణ చెప్పారు. ఏ నేరమూ చేయని ఒక యువకుడు తన దేశమును బట్టి, తన లింగమును బట్టి అనుమానితుడయ్యాడు. మన తెలుగు కుటుంబాల నుండి వేలాదిమంది యువకులు విదేశాలలో చదువుతున్నారు గనుక ఆ అవమానము మనకూ తగిలింది.

మూడవది అత్యంత విషాదకరము. మార్చి 5న నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో, అత్యాచార ఆరోపణపై విచారణ ఖైదీగా ఉన్న ఒక వ్యక్తిని వేలమంది గుంపు కేంద్ర కారాగారము బద్దలుకొట్టి బయటకు ఈడ్చి, వీధులలో కొట్టి చంపింది. అతడు అక్రమంగా వచ్చిన విదేశీయుడని ప్రచారము జరిగింది. నిజానికి అతడు అస్సాముకు చెందిన భారతీయుడు. ఆరోపణ నిజమో కాదో న్యాయస్థానము తేల్చకముందే, ఫలానా జనము అట్టివారే అనే మాట తీర్పు చెప్పివేసింది. నాగాలాండ్ క్రైస్తవులు అత్యధికముగా ఉన్న రాష్ట్రమని మనము మరువరాదు.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. "వాళ్లందరూ అంతే" అనే వాక్యము ఎవరి నోట, ఎవరి మీద, ఏ బలముతో వస్తున్నదనే దానిని బట్టి దాని ఫలము మారుతుంది. గాయపడిన స్త్రీ నోట అది ఒక మూలుగు. అధికారములో ఉన్నవారి నోట అది ఒక యువకుని అవకాశమును తీసివేసే కలము. గుంపు చేతిలో అది రాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి పురుషులు శ్వేతజాతి స్త్రీలకు ప్రమాదకరులనే ప్రచారముతో ఎందరినో గుంపులు చంపాయి. దానిని 1892లోనే ఐడా బి. వెల్స్ అనే నల్లజాతి పత్రికా రచయిత్రి ధైర్యముగా బట్టబయలు చేశారు. స్త్రీ రక్షణ పేరిట లేచిన నింద స్త్రీని రక్షించలేదనీ, ఒక జాతిని అణచడానికి పనికివచ్చిందనీ చరిత్ర చూపుతున్నది.

2. లెక్కలు చెబుతున్నది, చెప్పనిది

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారము 2012లో మన దేశములో 24,923 అత్యాచారపు కేసులు నమోదయ్యాయి. వీటిలో 24,470 కేసులలో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. అంటే నూటికి 98. 2013లో నమోదైన కేసులు 33,707కు పెరిగాయి. ఈ పెరుగుదల అంతా నేరము పెరగడమే అనుకోరాదు. ఢిల్లీ ఘటన తరువాత ఫిర్యాదు చేసే ధైర్యము పెరిగింది. జస్టిస్ వర్మ సంఘము 2013 జనవరి 23న ఇచ్చిన నివేదిక తరువాత వచ్చిన చట్ట సవరణ అత్యాచార నిర్వచనమును విస్తరించింది.

ఈ లెక్కల నుండి రెండు పొరపాటు నిర్ణయాలకు రావచ్చు. మొదటి పొరపాటు: నేరస్థులు పురుషులు గనుక పురుషులు నేరస్థులు అనడం. ప్రభువును అప్పగించినవాడు పన్నెండుమందిలో ఒకడే. అప్పగించినవాడు శిష్యుడేగాని, శిష్యులందరూ అప్పగించినవారు కారు. ఒక వాక్యమును తిరగవేసినంతమాత్రాన అది సత్యము కాదు. అంతేగాక, మన చట్టములో అత్యాచారము అనే నేరమును పురుషుడు స్త్రీపట్ల చేసేదిగానే నిర్వచించారు. కనుక ఆ శీర్షిక క్రింద నిందితులందరూ పురుషులే కావడం నిర్వచనము నుండే వస్తుంది.

రెండవ పొరపాటు దీనికన్నా ప్రమాదకరము. "అందరూ అట్టివారు కారు, ఎవరో కొందరు దుర్మార్గులు" అని చెప్పి, ఆ కొందరు మన మధ్య లేరనుకోవడం. నూటికి 98 మంది తెలిసినవారే అయినప్పుడు, ఆ "ఎవరో" చీకటి వీధిలోని అపరిచితుడు కాడు. అతడు పొరుగువాడు, బంధువు, గురువు, కొన్నిసార్లు సంఘ పెద్ద. "అందరూ" అనే మాట అబద్ధమైతే, "మనవారిలో ఎవరూ కాదు" అనే మాట కూడా అంతే అబద్ధము.

మరొక లెక్కను కాపరులు తప్పక తెలుసుకోవాలి. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ప్రచురించిన అధ్యయనములో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను ప్రశ్నించారు. వారిలో 53.22 శాతము ఏదో ఒక విధమైన లైంగిక వేధింపుకు గురైనట్లు చెప్పారు. అట్లు చెప్పినవారిలో 52.94 శాతము బాలురు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మగవాడంటే నేరస్థుడే అనే భావన బలపడితే ఈ బాలుడు తన బాధను ఎవరితో చెబుతాడు? తాను బాధితుడనని ఎట్లా నమ్మించగలడు? గంపగుత్త నింద నిర్దోషులైన పురుషులను నొప్పించడమే కాదు, గాయపడిన మగపిల్లలను కనబడకుండా చేస్తుంది.

3. ఆగ్రహము కలిగించని సాధారణీకరణ

ఇక్కడ ఒక విచిత్రమును గమనించాలి. "మగవాళ్లందరూ అంతే" అనే వాక్యమును మన ఇండ్లలో ఎక్కువగా పలికేది పురుషులను నిందించేవారు కాదు, వారిని సమర్థించేవారు. "మగాడన్నాక అంతేలే, మనమే జాగ్రత్తగా ఉండాలి" అని అత్తగారు కోడలికి చెబుతుంది. "ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు వచ్చి ముల్లు మీద పడినా ఆకుకే నష్టము" అని పెద్దలు ఆడపిల్లకు బోధిస్తారు. ఈ సామెతలో పురుషుడు ముల్లు. గుచ్చడం ముల్లు స్వభావము గనుక దానిని తప్పు పట్టేవారు లేరు. తప్పుకొని తిరగవలసింది ఆకే. పురుషజాతి మీద ఇంతకంటె గొప్ప నింద ఏముంటుంది? అయినను ఈ సామెత విని లేచి బయటకు వెళ్లిపోయిన పెద్దను మేము ఎన్నడూ చూడలేదు.

అదే వాక్యము నేరారోపణగా వస్తే ఆగ్రహిస్తాము. మినహాయింపుగా వస్తే ఊరుకుంటాము. మనకు కోపము తెప్పించినది ఆ వాక్యములోని అసత్యమే అయితే రెండు చోట్లా కోపము రావాలి. కాబట్టి మన ఆగ్రహము సత్యము కొరకా, మన గౌరవము కొరకా అని పరీక్షించుకోవడం అవసరము. పురుషుడు దేవుని స్వరూపమందు సృజింపబడినవాడనీ (ఆది. 1:27), తన్నుతాను అదుపులో ఉంచుకోగలవాడనీ, అందుచేతనే లెక్క అప్పగించవలసినవాడనీ నమ్మే మనము మొదట ఖండించవలసినది ఆ ముల్లు సామెతనే.

4. లేఖనములలో మూడు విధములైన "అందరూ"

పరిశుద్ధ గ్రంథములో జనమంతటిని కలిపి చెప్పే మాటలు అనేకము ఉన్నాయి. వాటిని మూడు విధములుగా విభజించవచ్చు.

(అ) గాయపడినవాని "అందరూ"

116వ కీర్తనకారుడు తాను మిక్కిలి బాధపడిన సమయములో మనుష్యులందరూ అబద్ధికులని అన్నట్లు చెబుతాడు (11వ వచనము). ఇక్కడ ఆదామ్ అనే హెబ్రీ పదము మనుష్యజాతి అంతటినీ సూచిస్తుంది. అయితే ఆ మాటను తాను హాఫజ్ స్థితిలో, అనగా త్వరపాటులో, భయకంపములో పలికానని అతడే ఒప్పుకుంటున్నాడు. దేవుడు ఆ మాటను కీర్తనల గ్రంథము నుండి తీసివేయలేదు, మధ్యలో ఆపి సరిదిద్దలేదు. ఆ కీర్తన దేవుడు తన మొఱ్ఱ ఆలకించాడనే మాటతో ఆరంభమై, సమాజమందు చెల్లించే కృతజ్ఞతతో ముగుస్తుంది. అనగా ఆలకింపబడినవాడే తన మాటలోని త్వరపాటును తరువాత తానే గుర్తించగలిగాడు. ముందు ఆలకించడం, తరువాతనే దిద్దుబాటు. మేము 2013లో ఈ క్రమమును తలక్రిందులు చేశాము.

(ఆ) నిందించువాని "అందరూ"

పోతీఫరు భార్య యోసేపు మీద నేరము మోపినప్పుడు అతని పేరు చెప్పదు. తమను ఎగతాళి చేయడానికి ఒక హెబ్రీయుని ఇంటికి తెచ్చారని ఇంటివారితో అంటుంది (ఆది. 39:14). ఐగుప్తీయులు హెబ్రీయులతో కలిసి భోజనము చేయడమే హేయమనుకొన్న దినములవి (ఆది. 43:32). ఆమె అబద్ధమునకు సాక్షులు అక్కరలేకపోయింది, అతని జాతి పేరే చాలింది. ఇది గాయపడినవారి మూలుగు కాదు. బలమున్న యజమానురాలు బలహీనుడైన దాసుని మీద వేసిన నింద. మన కాలములోను ఈ నింద తరచుగా పైనుండి క్రిందికే దిగుతుంది. పల్లెలో దళిత యువకుల మీద, పట్టణములో వలసకూలీల మీద, వేరొక మతస్థుల మీద పడుతుంది.

(ఇ) ఒప్పుకొనువాని "అందరూ"

మూడవది ప్రవక్తల భాష. యెషయా తాను అపవిత్రమైన పెదవులు గలవాడనని ముందు ఒప్పుకొని, ఆ తరువాత తన జనులనుగూర్చి అదే మాట అంటాడు (యెషయా 6:5). నెహెమ్యా ఇశ్రాయేలీయుల దోషము ఒప్పుకొంటూ తనను, తన తండ్రి ఇంటివారిని అందులో చేర్చుకుంటాడు (నెహెమ్యా 1:6). ఇట్టి "అందరూ"లో మాట్లాడేవాడు బయట నిలువడు.

ఇక్కడ ఒక ప్రశ్న రాక మానదు. పౌలు క్రేతీయులను గూర్చి కఠినమైన గంపగుత్త మాటను ఉదహరించి, అది నిజమన్నాడు గదా (తీతు 1:12-13)? ఈ భాగమును జాగ్రత్తగా చదవాలి. ఆ మాట క్రేతీయులలో ఒకనిదేనని పౌలు చెబుతున్నాడు. అది పొరుగువారు వేసిన నింద కాదు, స్వజనుని మాట. దానిని అతడు వాడినది వారిని త్రోసివేయడానికి కాదు, విశ్వాసములో స్వస్థులు కావడానికే. పైగా అదే అధ్యాయములో అదే ద్వీపములో పట్టణము పట్టణములో నిందారహితులైన పెద్దలను నియమించమని తీతుకు ఆజ్ఞాపిస్తున్నాడు (1:5-6). క్రేతీయులందరూ మార్పులేని అబద్ధికులైతే ఈ ఆజ్ఞ అర్థరహితము. కాబట్టి ఆ మాట ఒక సమాజపు అలవాటుకు గద్దింపేగాని, ప్రతి వ్యక్తిమీద తీర్పు కాదు. ఈ వాక్యమును పరజనులపై రాయిగా విసిరేవారు పౌలు ఉద్దేశమును తప్పిపోతున్నారు.

5. దీనా, గిబియా, తామారు

పాత నిబంధనలో లైంగిక హింసను వివరించే మూడు ప్రధాన కథనములు ఆదికాండము 34, న్యాయాధిపతులు 19-21, 2 సమూయేలు 13. మూడింటిలోను ఆ క్రియను నెబాలా అనే హెబ్రీ పదముతో పేర్కొన్నారు. సమాజపు పునాదినే చెరిపే అవమానకరమైన దుష్టత్వము అని దాని భావము. మూడింటిలోను గంపగుత్త తీర్పు సమస్య ఉన్నదని సాధారణముగా మనము గమనించము.

దీనాను చెరిపినవాడు షెకెము ఒక్కడు. షిమ్యోను, లేవి చంపినది పట్టణములోని ప్రతి పురుషుని. అంతటితో ఆగక ఆ పట్టణపు స్త్రీలను, పిల్లలను చెరపట్టారు (ఆది. 34:25-29). ఒక సోదరి అవమానమునకు ప్రతీకారముగా ఎందరో సోదరీలు అదే స్థితికి వచ్చారు. అధ్యాయమంతటిలో దీనా ఒక్క మాటైనా మాట్లాడదు, ఆమెను ఎవరూ అడగరు. యాకోబు మరణశయ్య మీద ఆ ఇద్దరి కోపమును శపించాడు (ఆది. 49:5-7).

గిబియా కథనములో దీనికి వ్యతిరేకమైన తప్పు ఉంది. ఇశ్రాయేలు గోత్రములవారు ముందుగా న్యాయమైనదే అడిగారు: నేరస్థులను మాత్రమే అప్పగించుమన్నారు. బెన్యామీనీయులు ఒప్పుకోలేదు (న్యాయా. 20:13). తమవారన్న అభిమానముతో కొందరి నేరమును గోత్రమంతా భుజాన వేసుకున్నది. తమను ఒకే గాటన కట్టవద్దనే హక్కును వారు ఆ క్షణములో పోగొట్టుకున్నారు. ఎందుకనగా దోషులతో తమను కట్టుకున్నది వారే. ఫలితముగా గోత్రములో అరణ్యమునకు పారిపోయిన ఆరువందల మంది పురుషులే మిగిలారు. ఆ తరువాత వారికి భార్యలకోసమని యాబేష్గిలాదులో, షిలోహులో ఆడపిల్లలను పట్టుకొనిపోయారు. ఒక స్త్రీకి న్యాయము చేస్తామని బయలుదేరి ఆరువందలమంది స్త్రీలకు అన్యాయము చేశారు.

తామారు కథనములో ఆశ్చర్యకరమైన ఒక వివరమున్నది. అబ్షాలోము అమ్నోనును చంపించినప్పుడు, రాజకుమారులందరూ హతులయ్యారనే వదంతి దావీదుకు చేరింది. అప్పుడు యెహోనాదాబు వచ్చి, అందరూ కాదు, అమ్నోను ఒక్కడే మరణించాడని చెప్పాడు (2 సమూ. 13:30-33). అతడు చెప్పినది అక్షరాల సత్యము. కాని ఈ యెహోనాదాబు ఎవరు? రోగము నటించి తామారును గదికి రప్పించుకొమ్మని అమ్నోనుకు ఉపాయము చెప్పినవాడు (13:5). తామారు చెరపబడిన దినము నుండి అబ్షాలోము ఉద్దేశము తనకు తెలిసినట్లు అతని మాటలలోనే బయటపడుతుంది. "అందరూ కాదు" అన్నవాడు సత్యము పలికాడుగాని నిర్దోషి కాడు. దావీదు చాల కోపపడ్డాడు, ఏమీ చేయలేదు (13:21). అబ్షాలోము చెల్లెలిని ఊరకుండుమన్నాడు. బలాత్కారము చేసినవాడు ఒక్కడే. ఉపాయము చెప్పినవాడు, కోపపడి ఊరుకున్నవాడు, నోరు మూయించినవాడు మాత్రము వేరే ముగ్గురు.

దోషము విషయములో దేవుని న్యాయము వ్యక్తిగతము. పాపము చేయువాడే దానిని భరించాలని యెహెజ్కేలు 18వ అధ్యాయము స్పష్టపరుస్తుంది. దుష్టులతో నీతిమంతులను కలిపి నాశనము చేయడం దేవునికి దూరమని అబ్రాహాము విన్నవించుకున్నాడు (ఆది. 18:25). కాని బాధ్యత దోషముకంటె విశాలమైనది. అందరూ నేరస్థులు కారు అనే మాట నిలుస్తుంది. అందరూ బాధ్యులు కారు అనే మాట నిలువదు.

6. ఆ రాత్రి శిష్యులు అడిగిన ప్రశ్న

కడరా భోజనపు బల్లయొద్ద ప్రభువు తన శిష్యులలో ఒకడు తనను అప్పగిస్తాడని చెప్పారు. పేరు చెప్పలేదు. నిందారోపణ పన్నెండుమంది మీదా నీడలా పడింది. పదకొండుమంది నిర్దోషులు. వారు, "ప్రభువా, ఒకని కొరకు మమ్మునందరిని అనుమానించడం న్యాయమా?" అనలేదు. బహుగా దుఃఖపడి, ఆ వ్యక్తి తానేనేమో అని ఒక్కొక్కడు ఆయనను అడిగాడు (మత్తయి 26:22). గ్రీకు మూలములో ఆ ప్రశ్న "కాదు" అనే జవాబును ఆశించే రీతిలో ఉన్నది. తాము కాదనే నమ్మకము వారికి ఉంది, అయినను అడిగారు. నిర్దోషత్వము పరీక్షకు భయపడదు. అదే ప్రశ్నను యూదా కూడా అడిగాడు (26:25). కనుక ప్రశ్న అడిగినంతమాత్రాన ఎవరూ నిర్దోషులు కారు. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు వినడానికి సిద్ధపడడమే ముఖ్యము.

7. సంఘకాపరులకు కొన్ని సూచనలు

ఒకటి: బాధలో పలికిన మాటను వేదిక మీద సరిదిద్దవద్దు. "మగవాళ్లందరూ ఒక్కటే" అన్న స్త్రీని, "అమ్మా, మీకేమైనా జరిగిందా?" అని తరువాత ఏకాంతముగా, కాపరి భార్య లేక విశ్వసనీయురాలైన ఒక సహోదరి సమక్షములో అడగండి.

రెండు: ప్రసంగములో ఏ కులమును, ప్రాంతమును, మతమును, వృత్తిని లైంగిక నేరముతో ముడిపెట్టవద్దు. 2019 నవంబరులో హైదరాబాదు శివారున పశువైద్యురాలిపై జరిగిన ఘోరము తరువాత మన ప్రార్థనలలో కోపము పొంగింది. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మరణించినప్పుడు పూలు చల్లినవారున్నారు, స్తోత్రము చెప్పినవారూ ఉన్నారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ సంఘము నివేదిక 2022లో వెలువడింది. పోలీసులు చంపే ఉద్దేశముతోనే కాల్చారనీ, ఆ నలుగురిలో ముగ్గురు మైనరులనీ అది తేల్చింది. విచారణ లేని శిక్షకు స్తోత్రము చెప్పడం షిమ్యోను, లేవిల మార్గము.

మూడు: నిందితుడు మనవాడైనప్పుడు బెన్యామీనీయులు కావద్దు. బాధితులు పద్దెనిమిదేండ్ల లోపు వారైతే 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము సంగతి తెలిసిన ప్రతివాడు పోలీసులకు తెలియజేయాలి. తెలిపకపోతే ఆరు నెలల వరకు, తన క్రింది ఉద్యోగి నేరమును దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు శిక్ష ఉంది. పెద్దల మధ్య రాజీ కుదర్చడానికి మనకు అధికారము లేదు. బాలల కొరకు 1098, స్త్రీల కొరకు 181 సహాయ నంబర్లను సంఘములో అందరికి కనబడేటట్లు వ్రాసి పెట్టండి.

నాలుగు: ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలనే నియమమును (ద్వితీ. 19:15, 1 తిమోతి 5:19) బాధితుల నోరు మూయించడానికి వాడవద్దు. పొలములో ఒంటరిగా చిక్కిన స్త్రీ విషయములో, ఆమె కేకలు వినేవారు ఎవరూ లేకపోయినను, ధర్మశాస్త్రము ఆమెను నిర్దోషిగా ఎంచి, ఆ నేరమును నరహత్యతో పోల్చింది (ద్వితీ. 22:25-27).

ఐదు: యోసేపును మరువవద్దు. అబద్ధపు ఆరోపణలు కూడా ఉంటాయి. అందుచేత దోషి అనిగాని, నిర్దోషి అనిగాని కాపరి తీర్పు ప్రకటించక, విచారణ అధికారులకు విడిచిపెట్టి, ఆ కాలములో నిందితుణ్ణి పరిచర్య బాధ్యతల నుండి ప్రక్కన ఉంచి, ఇరు కుటుంబాలను పరామర్శించాలి. అధికారులకు తెలియజేయడం తీర్పు తీర్చడం కాదు.

ఆరు: పురుషుల కూడికలలో ఈ విషయమును బోధించండి. కొండమీది ప్రసంగములో ప్రభువు చూపు గూర్చి మాట్లాడినప్పుడు స్త్రీ వస్త్రధారణను ప్రస్తావించలేదు, చూచేవాని కన్నునే ప్రస్తావించారు (మత్తయి 5:28-29). భార్య దేహముపై భర్తకున్న హక్కును మాత్రమే బోధించి, భర్త దేహముపై భార్యకున్న హక్కును దాచడం 1 కొరింథీ 7:3-5ను సగము చదవడమే. వైవాహిక అత్యాచారమును నేరముగా చేయాలని వర్మ సంఘము సూచించినను, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ మినహాయింపును అట్లే ఉంచింది. చట్టము మినహాయించినదంతా వాక్యము మినహాయించదు.

ముగింపు

పురుషులందరూ అట్టివారు కారు. ఈ సత్యమును మనము విడువనక్కరలేదు. ఆ జర్మనీ ఉత్తరము అన్యాయమే, దిమాపూర్ గుంపు ఘోరపాపమే. కాని ఈ సత్యమును నిరూపించే స్థలము వాదము కాదు, జీవితము. సంఘములో గాయపడిన ఒక బిడ్డ ఒక పురుషుని యొద్దకు వచ్చి, భయము లేకుండా తన సంగతి చెప్పుకొని, ఆలకింపబడితే, "అందరూ అట్టివారే" అనే మాట ఆ బిడ్డ విషయములో అక్కడే అబద్ధమైపోతుంది. వేరే రుజువు అక్కరలేదు.

ఆ తల్లి మా ఇంటికి వచ్చిన దినమున మేము చేయగలిగింది కొద్దిగానే. ఆమెను, ఆమె కుమార్తెను క్షమాపణ అడిగాము. ఫిర్యాదు చేయడానికి వారితో కూడ వెళ్లాము. సంఘములో కొందరు మమ్మును తప్పు పట్టారు, రెండు కుటుంబాలు సంఘము విడిచిపోయాయి. తరువాతి ఆదివారము అదే బల్లపీటము మీద నిలిచి, 2013లో మేము మాట్లాడిన పది నిమిషాలు తప్పు సమయములో పలికిన మాటలని ఒప్పుకున్నాము. ఆ ఉపాధ్యాయురాలు ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆరాధన ముగిశాక మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ రోజు నేను కూడా అందరినీ అనకుండా ఉండవలసింది" అన్నారు. మేము ఆమెను సరిదిద్దలేదు. ఆమె తానే దిద్దుకున్నారు.